పిడి కుదిరితే గురి కుదురుతుంది

వరికోత యంత్రం ఇంకా అడుగుపెట్టని చేలోకి కోతల కాలంలో వెళ్ళి చూడండి. కూలికి వచ్చినవాళ్ళు ఎవరి కొడవలి వాళ్ళు తెచ్చుకుంటారు. పక్కవాడి కొడవలి ఎంత పదునుగా వున్నా, దానితో ఒక పూట కోస్తే అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. ఇనుము అందరికీ ఒకటే. పిడి మాత్రం ఎవరిది వారిదే. ఏళ్ళ తరబడి ఒక చేతిలో నలిగి, ఆ చేతి మిట్టపల్లాలను తనలోకి తీసుకున్న కర్ర అది. ఇంకొక చేతికి అంత సులువుగా లొంగదు.

పోటీలలో వాడే గురి పిస్తోలు విషయంలో ఈ మాట మరింత నిజం.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి పిస్తోలుతో ఏం పని అని పాఠకులు నవ్వుకోవచ్చు. మా కళాశాల ఆటల సంఘం బాధ్యత నా నెత్తిన పడి పదేళ్ళు దాటింది. ఆదివారాలు పిల్లలను రేంజికి తీసుకువెళ్ళడం, వాళ్ళతోపాటు నేనూ నిలబడి నాలుగు పెల్లెట్లు కాల్చడం అలవాటయింది. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలులో జట్టు స్వర్ణమూ, వ్యక్తిగత రజతమూ గెలిచాక, మా పిల్లలలో ఈ ఆట మీద మోజు ఇంకా పెరిగింది. వాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న, “ఏ కంపెనీ పిస్తోలు మంచిది సార్?” అని. నేను చెప్పే జవాబు, “నీ చేతికి కుదిరినది” అని.

ఎందుకో చెబుతాను. గాలి పిస్తోలు పోటీలో గురిపలక 10 మీటర్ల దూరంలో వుంటుంది. దానిమీద పది మార్కుల వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. కాల్చేది ఒంటిచేత్తో. ఆ చెయ్యి చాచి వుండాలి, దేనికీ ఆనకూడదు. పిస్తోలు వెనక చివర గాడి వున్న సైటు, ముందు చివర నిలువు సైటు వుంటాయి. వెనక గాడికి సరిగ్గా నడిమధ్య ముందు సైటు నిలవాలి. ఈ రెంటికీ మధ్య దూరం సుమారు 350 మిల్లీమీటర్లు అనుకుందాం. లెక్క కట్టి చూడండి. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, పలకమీద దెబ్బ 28 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. అంటే పది కావలసింది ఏడు అవుతుంది. చెయ్యి మొత్తం కాస్త అటూ ఇటూ వూగినా అంత నష్టం లేదు గాని, మణికట్టు దగ్గర పిస్తోలు వెంట్రుకవాసి తిరిగిందా, కొంప మునిగినట్టే. ఆ తిరగడం, తిరగకపోవడం అనేది చాలావరకు పిడి చేతిలో వున్నది.

రెండేళ్ళ కిందట మా కళాశాలలో ఒక అమ్మాయి చేరింది. తండ్రి లారీ డ్రైవరు. విదేశీ పోటీ పిస్తోలు కొనాలంటే లక్ష రూపాయల పైమాటే గనక, కళాశాలకు పాతధరలో వచ్చిన పిస్తోలుతోనే ఆమె సాధన చేసేది. దాని పిడి పెద్ద చేతి కొలతది. అమ్మాయిది చిన్న చెయ్యి. మొదటి ఇరవై దెబ్బలు చక్కగా పడేవి. నలభై దాటేసరికి మణికట్టు నొప్పి, పెల్లెట్లన్నీ ఎడమవైపుకు పోవడం. “చిన్న చెయ్యి, ఈ ఆట నీకు కాదు” అని ఎవరో అన్నారట. రాష్ట్ర పోటీలు మూడు నెలలు వుండగా నా దగ్గరికి వచ్చి, “పేరు కొట్టేయండి సార్. చెయ్యి పెంచుకోలేనుగా” అన్నది.

“చెయ్యి పెంచుకోలేవు. పిడి తగ్గించుకోవచ్చునమ్మా” అన్నాను.

ఆమె పట్టు చూస్తే సంగతి తెలిసిపోయింది. పిడి లావుగా వున్నందువల్ల వేలు ట్రిగ్గరుకు అందడం లేదు. అందుకోవడానికి చేతిని పిడి చుట్టూ పక్కకు తిప్పి పట్టుకుంటున్నది. అలా తిప్పితే పిస్తోలు గొట్టం ముంజేతితో ఒకే వరసలో వుండదు. వంకరపోయిన గొట్టాన్ని మణికట్టు బలవంతాన దారిలోకి తెస్తూ వుండాలి. పోటీలో 75 నిమిషాలలో 60 దెబ్బలు కాల్చాలి. అంతసేపు మణికట్టు ఆ చాకిరి చెయ్యలేదు. అలిసిపోయి వదిలేస్తుంది. ఇక వేలి కొస మాత్రమే ట్రిగ్గరుకు తగలడంవల్ల, వెనక్కి లాగవలసింది పోయి పక్కకు నెడుతున్నది. ఇందులో చెయ్యి చేసిన నేరం ఏమీ లేదు.

పిడి కుదిరిందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటి వున్నది. దానికి పైసా ఖర్చు లేదు. పెల్లెటు లేదని రెండుసార్లు చూసుకుని, రేంజిలో గురిపలక వైపు తిరిగి నిలబడి, మామూలుగా పిస్తోలు పట్టుకోండి. కళ్ళు మూసుకుని చెయ్యి చాచండి. మణికట్టు బిగించి, రెండు ఊపిరులు తీసి, కళ్ళు తెరవండి. సైటులు రెండూ వాటంతట అవే పొందికగా కనిపిస్తే మీ పిడి మంచిది. పది సార్లు చేస్తే పదిసార్లూ ముందు సైటు ఒకే పక్కకు పోతున్నదా, తప్పు పిడిలో వున్నది. ఒక్కొక్కసారి ఒక్కొక్క వైపు పోతే, మీ పట్టే ఇంకా నిలకడకు రాలేదు. అప్పుడు ఆకురాయి ముట్టుకోకండి. సైటులు పొందికగానే వుండి పలకకు పక్కగా చూపుతుంటే, జరపవలసినవి పాదాలు.

ముందు సైటు ఎడమకు పోతున్నదనుకోండి. పిస్తోలును చేతిలో కొంచెం కుడికి తిప్పి పట్టి చూడాలి. ఆ పట్టులో చేతికి ఎక్కడ కర్ర అడ్డు తగులుతున్నదో అక్కడ అరగదీయాలి. ఎక్కడ ఖాళీ ఏర్పడిందో అక్కడ నింపాలి. పిడి వైద్యమంతా ఈ రెండే మాటలు. ముందు సైటు పైకో కిందికో పోతే పిడి వాలు మార్చాలి. ఇప్పటి పోటీ పిస్తోళ్ళు చాలావాటిలో ఇందుకు మరలు వుంటాయి. అలెన్ కీతో ఒక అరచుట్టు తిప్పి మళ్ళీ పరీక్షించడమే.

ఆ అమ్మాయిని మా వీధి చివర వడ్రంగి దగ్గరికి తీసుకువెళ్ళాను. పిస్తోలు రేంజిలోనే తాళం వేసి, పిడి మాత్రం విప్పి పట్టుకెళ్ళాం. పిడి పిస్తోలుకు వుండగా దానిమీద ఆకురాయి పెట్టకూడదు. రజను లోపలికి పోతుంది, పైగా ప్రమాదం. అక్రోటు కర్రను అటూ ఇటూ తిప్పి చూసి వడ్రంగి, “కర్ర తరవాత చూద్దాం మాస్టారూ. ముందు అమ్మాయి చెయ్యి చూడనివ్వండి” అన్నాడు. గొడ్డళ్ళకూ పారలకూ పిడులు వేసి తల నెరిసిన మనిషి. పుస్తకం చదవకుండానే మొదటి సూత్రం చెప్పాడు.

సుద్దపొడి నేను తీసుకువెళ్ళాను. మా వృత్తిలో దానికి కొదవలేదు గదా! అరచేతికి పొడి రాసి పిడి పట్టుకుని వదిలితే, ఎక్కడెక్కడ తగులుతున్నదో తెల్లగా అచ్చు పడుతుంది. అమ్మాయి చేతికి రెండే రెండు చోట్ల అచ్చు పడింది. చెయ్యంతా ఆనవలసిన పిడి రెండు మొనల మీద ఆనుతున్నదన్నమాట.

మొదట బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చీలిక ఆనే చోట, వెనక భాగం అరగదీశాం. ఆ చీలిక గొట్టానికి ఎంత దగ్గరగా, ఎంత సూటిగా వెనక వుంటే అంత మంచిది. నాలుగు రాపిళ్ళు, చెయ్యి పెట్టి చూడడం. మళ్ళీ నాలుగు రాపిళ్ళు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవకూడదు. అక్రోటు రజను కొందరికి పడదు. వేలి ముందుకణుపు మెత్త ట్రిగ్గరు మీద సూటిగా ఆనేదాకా ఈ పని సాగింది. తరవాత రేంజిలో ట్రిగ్గరును కూడా కొంచెం వెనక్కి జరిపాం. చూపుడువేలు పక్కభాగం కర్రకు ఎక్కడా తగలకూడదు. తగిలితే, వేలు కదిలినప్పుడల్లా పిస్తోలూ కదులుతుంది.

ఆపైన నింపడం. రెండు ముద్దలు కలిపే లప్పం ఇనుపసామాన్ల కొట్లో దొరుకుతుంది. అరచేతి గుంట దగ్గర అది పెట్టి, పైన పలచని ప్లాస్టిక్ కాగితం కప్పి, మునివేళ్ళతో పిసకకుండా మామూలు పట్టు పట్టుకుని ఒక నిమిషం ఆగాలి. గట్టిపడ్డాక ఉప్పు కాగితంతో రుద్ది, చెమటకు జారకుండా చిన్న చిన్న గంట్లు పెట్టాలి.

అడుగున అరచేతి అంచు ఆనడానికి ఒక మెట్టు వుంటుంది. మరలు వదులు చేసి దాన్ని పైకీ కిందికీ జరపవచ్చు. కొత్తవాళ్ళు దాన్ని చేతికి బిగించేస్తారు. బిగిస్తే మొదట హాయిగానే వుంటుంది, పావుగంటకు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మన ఎండలకు చెయ్యి పొంగుతుంది, చలికాలం పొద్దున ముడుచుకుంటుంది. ఆ మెట్టు చేతికి తగలాలి, నొక్కకూడదు. బొటనవేలు దాని చోట వూరికే పడుకోవాలి. పిస్తోలును వెనక్కి, అరచేతిలోకి నొక్కే పని ముఖ్యంగా నడిమివేలిది.

ఇష్టం వచ్చినట్టు పిడి పెంచుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. పోటీకి ముందు గాలి పిస్తోలును 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పెట్టి చూస్తారు. లప్పం ఎక్కువై పిడి లావెక్కితే అందులో పట్టదు. పిడి చేతిని చుట్టుకోకూడదు, కింది మెట్టు పైకి వంగకూడదు, మణికట్టు స్పష్టంగా బయటికి కనపడాలి. పిస్తోలు పట్టిన చేతికి గడియారం కూడా పనికిరాదు. ట్రిగ్గరు కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. ఆ తూకపురాయి వేలాడదీసి మరీ చూస్తారు.

హంగేరీ సైనికుడు కారోలీ తకాచ్ కథ ఈ ఆటలో అందరికీ తెలిసినదే. 1938లో చేతిబాంబు పేలి కుడిచెయ్యి పాడయింది. ఎడమచేత్తో మళ్ళీ మొదటినుంచి నేర్చుకుని 1948లో లండనులోనూ, 1952లో హెల్సింకీలోనూ ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. దేవుడు ఇచ్చిన చెయ్యి ఏది, ఎంత అన్నది కాదు, దానితో ఎంత నిలకడగా పని చేయించుకున్నాం అన్నదే లెక్క అని ఆయన చెప్పకనే చెప్పాడు. ఈ కథ మా అమ్మాయికి చెప్పాను. ఆమె పేరు కొట్టేయలేదు. రాష్ట్ర పోటీలలో పతకం రాలేదు గాని, చివరి ఇరవై దెబ్బలు మొదటి ఇరవైకి తీసిపోకుండా పడ్డాయి. మణికట్టుకు పట్టీ లేదు.

పిడి సవరించుకునేవారికి నా మనవి ఒకటే. సుఖంగా వుండడం పిడికి గొప్ప కాదు. సుఖమైన పిడిలో చెయ్యి ఒక్కోసారి ఒక్కోలా సర్దుకుంటుంది. ఎన్నిసార్లు పట్టినా చెయ్యి అదే చోట, అదే తీరున కూర్చునేటట్టు చేసేదే మంచి పిడి. కనుక ఒకేసారి నాలుగు మార్పులు చెయ్యకండి. ఒకటి చేసి, రెండు మూడు రోజులు కాల్చి, అప్పుడు తీర్పు చెప్పండి. అనుమానం వస్తే ముందు లప్పం పెట్టి చూడండి, ఆకురాయి తరవాత. పెట్టిన లప్పం వూడదీయవచ్చు. రాలిన రజను మళ్ళీ కర్ర కాదు.