విరగ్గొడితే తేలిన లెక్క

1672లో లైబ్నిజ్ అనే జర్మన్ యువకుడు రాచకార్యం మీద పారిస్ నగరానికి వచ్చాడు. వయసు 25 ఏళ్ళు. చదివింది న్యాయశాస్త్రం, గణితంలో ప్రవేశం అంతంత మాత్రమే. అక్కడ అతనికి హైగెన్స్ అనే హాలెండు దేశస్థుడితో పరిచయం అయింది. ఆయన సామాన్యుడు కాడు. లోలకపు గడియారం చేసినవాడూ, శనిగ్రహానికి ఉపగ్రహం ఉన్నదని మొదట కనిపెట్టినవాడూ ఆయనే. హైగెన్స్ ఈ కుర్రవాడికి ఒక లెక్క ఇచ్చాడు.

ఆ లెక్క ఏమిటో చూడాలంటే నేలమీద ఒక చింతపిక్క పెట్టండి. దాని కింద వరసలో రెండు, ఆ కింద మూడు, ఆ కింద నాలుగు పేర్చండి. త్రిభుజం పెరుగుతూ ఉంటుంది. వరస చేర్చినప్పుడల్లా మొత్తం పిక్కలు లెక్కపెడితే 1, 3, 6, 10, 15 ఇలా వస్తాయి. ఇప్పుడు ఈ సంఖ్యలను హారాలుగా పెట్టి,

1/1 + 1/3 + 1/6 + 1/10 + 1/15 + ...

అని అంతు లేకుండా కూడుతూ పోతే ఎంత వస్తుంది?

క.సా.గు. కట్టి కూడదామని కూచుంటే జీవితకాలం చాలదు. నాలుగైదు భిన్నాలకే మనకు విసుగు పుడుతుంది. లైబ్నిజ్ కూడటం మాని, ఒక్కొక్క భిన్నాన్నీ విరగ్గొట్టాడు!

ముందు అన్నిటినీ సగం చేశాడు: 1/2, 1/6, 1/12, 1/20... హారాలు చూశారా? 1×2, 2×3, 3×4, 4×5. మరి 1/2లోనుంచి 1/3 తీసివేస్తే ఎంత? సరిగా 1/6. 1/3లోనుంచి 1/4 తీసివేస్తే 1/12. కనక లెక్కను ఇలా రాయవచ్చు:

(1 − 1/2) + (1/2 − 1/3) + (1/3 − 1/4) + ...

ఇక తమాషా చూడండి. ఒకచోట తీసివేసిన 1/2 పక్కనే మళ్ళీ కలుస్తున్నది. 1/3 సంగతీ అంతే. అన్నీ కొట్టుబడిపోయి మొదటి 1 మిగులుతుంది. వెయ్యి భిన్నాల దగ్గర ఆగితే 1కి 1/1001 కొరత. ముందుకు పోయినకొద్దీ ఆ కొరత తరిగిపోతుంది. కనక అంతులేని మొత్తం 1. మనం సగం చేశాం గనక అసలు జవాబు 2!

ఇలాటి ముక్కలనే బీజగణితంలో పాక్షిక భిన్నాలంటారు. ముక్కలను ప్రతిసారీ ఊహించి పట్టుకోనక్కరలేదు. (5న + 6) / న(న + 2) అనే భిన్నం ఉన్నదనుకోండి. ఇది క/న + గ/(న + 2) అని రాసి, రెండువేపులా హారంతో హెచ్చవేయండి:

5న + 6 = క(న + 2) + గన

న ఏ సంఖ్య అయినా ఇది నిజం కావాలి. అందుచేత మనకు వీలైన సంఖ్యలే వేసుకుందాం. న = 0 అంటే గ మాయమవుతుంది; 6 = 2క, కనక క = 3. న = −2 అంటే క మాయమవుతుంది; −4 = −2గ, కనక గ = 2. అంటే ముక్కలు 3/న, 2/(న + 2). నమ్మకం లేకపోతే న = 1 వేసి సరిచూసుకోండి. లవంలో న యొక్క ఘాతం హారంలో కన్న తక్కువ ఉండాలని మాత్రం మరవకండి. లేకపోతే ముందు భాగించుకోవాలి.

1702లో లైబ్నిజ్ ఈ ఉపాయాన్నే కలనగణితంలో వాడుతూ ఒక వ్యాసం రాశాడు. అందులో అంతటివాడూ పొరబడ్డాడు. న⁴ + 1 వంటి హారాన్ని మామూలు సంఖ్యలతో రెండు కారణాంకాలుగా విడదీయటం సాధ్యం కాదన్నాడు. కాని అది విడిపోతుంది. (న² + 1)²లోనుంచి 2న² తీసివేసి, ఏం మిగులుతుందో మీరే చూడండి.