గుస్సాడీ పాత ఫోటోలు: ఆ నెమలి కిరీటం కింద ఉన్నది ఎవరు?

ఈ ఎపిసోడ్‌లో ఎక్కువ మాట్లాడను, ఫోటోలు చూపిస్తా అనుకున్నా. కానీ ఫోటోలు చూపిస్తూ నోరు మూసుకునే రకం కాదు నేను, మీకు తెలుసు కదా.

మొదటి ఫోటో అమెరికాది. డిస్నీలాండ్. ఆ పార్కు 1955 జూలై 17న తెరిచారు. గేటు దగ్గర మిక్కీ మౌస్ నిలబడి ఉంటాడు, పక్కన ఒక చిన్నపిల్ల, ఆ పిల్ల నవ్వట్లేదు, భయపడుతోంది. భయపడటంలో తప్పులేదు. మొదట్లో ఆ వేషాలు పార్కు కోసం కుట్టినవి కావు, ఐస్ కేపేడ్స్ అనే మంచు మీద డ్యాన్సులు చేసే కంపెనీ నుంచి తెచ్చినవి. దూరంగా స్టేజీ మీద చూడటానికి చేసిన మొహం అది. దగ్గర్నుంచి చూస్తే పెద్దవాళ్ళకే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇట్లాంటి ఫోటోలు నెట్‌లో వేలల్లో ఉన్నాయి. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తే పాత స్లైడ్ల డబ్బాలు అమ్మేస్తారు, ఇంకెవరో కొని స్కాన్ చేస్తారు. డెబ్బై ఏళ్ళయినా రంగులు అంత ఫ్రెష్‌గా ఎట్లా ఉన్నాయంటే, అవి చాలావరకు కొడాక్రోమ్ ఫిల్మ్ మీద తీసినవి. చీకట్లో దాచిపెడితే రంగు పోని ఫిల్మ్ అది. కానీ దాని స్పీడ్ అప్పట్లో పది మాత్రమే. మీ ఫోన్ కెమెరాలో ఐ.ఎస్.ఓ. అని ఉంటుంది చూడండి, పట్టపగలు కూడా అది యాభై దగ్గర మొదలవుతుంది. అంటే మంచి ఎండ ఉండాలి, మనిషి కదలకుండా నిలబడాలి. పాత ఫోటోల్లో వేషగాళ్ళందరూ బొమ్మల్లా నిలబడటానికి సగం కారణం ఇదే.

ఇప్పుడు రెండో ఫోటో. ఇది బ్లాక్ అండ్ వైట్. 1940ల నాటిది. మన ఆదిలాబాద్ అడవి పల్లె. మనిషి తల మీద పెద్ద నెమలి ఈకల కిరీటం, ఒళ్ళంతా బూడిద, మొహానికి గడ్డం, మెడలో పూసలు, భుజం మీద జంతువు తోలు, చేతిలో కర్ర. మీలో సగం మంది ఈపాటికి చెప్పేసి ఉంటారు, గుస్సాడీ అని.

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టినందుకు మా ఫ్రెండ్ ఒకడు కోప్పడ్డాడు. వాడు గోండు. "మా దేవుణ్ణి తీసుకొచ్చి ఎలుక పక్కన పెడతావారా?" అన్నాడు. నేను పెట్టిందే అందుకు. రెండిట్లోనూ వేషం వేసుకున్న మనిషి వచ్చినవాళ్ళ ముందు నిలబడ్డాడు, ఎవరో కెమెరా నొక్కారు. అక్కడితో పోలిక ఐపోయింది. మిగతాదంతా తేడానే.

మొదటి తేడా, ఎవరు ఎవరి దగ్గరికి వస్తారు అన్నది. పార్కులో టికెట్టు కొని మనం పోతాం, మిక్కీ మనల్ని రమ్మంటాడు. దండారీలో ఉల్టా. దీపావళి రోజుల్లో ఒక ఊరి గోండుల దండు మొత్తం, గుస్సాడీలు, డోలు, గుమేల, పెప్రే, తుడుం వాయించేవాళ్ళు, ఆడవేషం వేసిన పోరిక్ అనే మగపిల్లలు, అందరూ కలిసి నడుచుకుంటూ ఇంకో ఊరికి పోతారు. ఆ ఊరివాళ్ళు ఎదురొచ్చి తీసుకుపోతారు. తిండి పెడతారు, రాత్రంతా ఆట, పాట. మర్నాడు వీడ్కోలు. తర్వాత ఈ ఊరివాళ్ళు ఆ ఊరికి పోతారు. ఊళ్ళ మధ్య చుట్టరికాలు, పెళ్ళి మాటలు కూడా ఈ రాకపోకల్లోనే కదులుతాయి. కాబట్టి గుస్సాడీ గేటు దగ్గర నిలబడే మనిషి కాదు, గుమ్మంలోకి వచ్చే అతిథి.

రెండో తేడా ఇంకా పెద్దది. మిక్కీ డ్యూటీ ఐపోతే మనిషి తల తీసి పక్కన పెట్టి టీ తాగుతాడు. గుస్సాడీ కిరీటం పూజ చేసి పెట్టుకునేది. పెట్టుకున్న దగ్గర్నుంచి పండుగ ముగిసి కోలబోడిలో తీసేదాకా దీక్ష. స్నానం లేదు, మంచం మీదో కుర్చీలోనో కూర్చోవడం లేదు, నేల మీదే. ఆ రోజుల్లో ఆయన ఏత్మాసూర్ పేన్ మనిషి రూపం అని గోండుల నమ్మకం. చేతిలో కర్ర తాకితే జబ్బు పోతుందని ముందుకొచ్చి తల వంచేవాళ్ళుంటారు. మళ్ళీ అదే గుస్సాడీ జోకులేస్తాడు, పిల్లల్ని ఉరికిస్తాడు, పెద్దల్ని ఆటపట్టిస్తాడు. దేవుడు, నవ్వించేవాడు ఇద్దరూ ఒక్కరే. నాకైతే ఇందులో ఎప్పటికీ విసుగు రాని విషయం ఇదే.

సరే, ఇంతకీ ఆ బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు తీసింది ఎవరు?

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే టైమ్‌కి ఆయన ఇండియాలో ఉన్నాడు, జేబులో ఉన్నది జర్మన్ పాస్‌పోర్ట్. బ్రిటిష్‌వాళ్ళ లెక్కలో శత్రుదేశం మనిషి. కానీ జైల్లో కూర్చోబెట్టకుండా హైదరాబాద్ సంస్థానం లోపల ఉండనిచ్చారు. ఆయన ఆ అవకాశం వాడుకుని ముందు చెంచుల దగ్గరికి, తర్వాత కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత మన గోండుల దగ్గరికి వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఇల్లు వేసుకుని ఉన్నాడు. 1943లో అక్కడే గోండు పిల్లల చదువు కోసం టీచర్ల ట్రైనింగ్ మొదలైంది. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పుస్తకం వచ్చింది. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు, అస్థికలు తర్వాత ఆమె పక్కకే చేరాయి. ప్రతి జనవరి 11న ఊళ్ళో వాళ్ళిద్దరినీ తలుచుకుంటారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆయన మన దగ్గరికి వచ్చిన టైమ్ చూడండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ని నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాతే, ఈ జనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని సర్కారుకు అనిపించింది. అంటే కెమెరా పట్టుకుని ఊళ్ళోకి దిగిన తెల్లదొర వెనకాల సర్కారు ఉంది, ఊరివాళ్ళ వెనకాల తుపాకుల చప్పుడు ఇంకా ఉంది. మనిషి మంచోడు, జనం తరఫున మాట్లాడాడు, భూముల కోసం రాశాడు, అది వేరే మాట. కానీ ఆ ఫోటోల్లో కొన్ని మొహాలు కెమెరా వైపు ఎందుకు అట్లా చూస్తున్నాయో అనిపించినప్పుడు 1940 గుర్తుపెట్టుకోండి.

ఆయన తీసిన వేల ఫోటోలు, కొన్ని సినిమా రీళ్ళు ఇప్పుడు లండన్‌లోని సోయస్ అనే యూనివర్సిటీ దగ్గర ఉన్నాయి. చాలావరకు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. మీ ఫోన్‌లో హైమన్‌డార్ఫ్ పేరు, పక్కన సోయస్ అని కొట్టండి, వచ్చేస్తాయి.

మనం ఇంజినీర్లం కదా, చేతులు ఊరుకోవు. ఒక ఫోటో తీసుకుని రంగులు వేసే ఏ.ఐ. యాప్‌లో పడేశా. అడవికి పచ్చ రంగు వేసింది, మట్టికి ఎరుపు వేసింది, నెమలి కిరీటానికి మాత్రం గోధుమ రంగు వేసి చేతులు దులుపుకుంది. అది ఎండుగడ్డి అనుకుందో ఏమో. తమాషా ఏంటంటే, సైన్సు ప్రకారం అది మరీ తప్పు కూడా కాదు! నెమలి ఈకలో నీలం రంగు, ఆకుపచ్చ రంగు అనే పదార్థమే లేదు. అందులో ఉన్నది మెలనిన్, మన వెంట్రుకల్లో ఉండేదే, నల్లగా గోధుమగా ఉంటుంది. అది చాలా సన్నని కడ్డీల్లాగా వరసగా పేర్చి ఉంటుంది, ఆ కడ్డీల మధ్య ఎంత దూరం ఉందో దాన్నిబట్టి వెలుగులో నీలమో, ఆకుపచ్చో, బంగారు రంగో తిరిగి మన కంటికి వస్తుంది. ఈకను నలిపి పొడి చేస్తే రంగు పోతుంది. తల తిప్పితే రంగు మారుతుంది. గుస్సాడీ ఆడుతున్నప్పుడు కిరీటం మెరుస్తూ ఉంటుంది కదా, దానికి కారణం ఇదే. నిలబడి తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో మొత్తం పోయేది కూడా ఇదే.

(ఎవరైనా అడిగేలోపే చెప్తా: నెమళ్ళను చంపడం నేరం, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. రాలిపడిన ఈకలు ఏరుకుని వాడుకోవడం నేరం కాదు. కిరీటానికి వందల ఈకలు పడతాయి, అందుకే ఇళ్ళల్లో దాన్ని తరతరాలుగా దాచుకుంటారు.)

రంగు పోతే పోయింది. నన్ను కలవరపెట్టేది ఇంకోటి. ఆ ఫోటోల కింద ఊరి పేరు ఉంటుంది, పండుగ పేరు ఉంటుంది, ఏడాది ఉంటుంది. చాలా వాటికి మనిషి పేరు ఉండదు.

డిస్నీలో పేరు లేకపోవడం రూలు. లోపలున్న వ్యక్తి "నేనే మిక్కీ" అని చెప్పకూడదు, "నాకు మిక్కీ ఫ్రెండ్" అనాలి. పేరు దాచడమే వాళ్ళ వ్యాపారం. మన ఊళ్ళో గుస్సాడీ ఎవరి కొడుకో, ఎవరి మనవడో ఊరంతటికీ తెలుసు. అందుకే ఎవరూ రాయలేదు. అందరికీ తెలిసిన విషయం ఎవరు రాసుకుంటారు? ఇప్పుడు ఆ తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు.

పేర్లు తెలుసుకుందామని ప్రింట్ తీసి మా ఫ్రెండ్ వాళ్ళ తాతకి చూపించా, ఉట్నూరు దగ్గర పల్లె. మొహం గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఇక్కడ పనికిరాదు, మొహమే కనపడదు కదా, బూడిద, గడ్డం, పూసలు. తాత కిరీటం వైపు చూడనే లేదు.

"గిది ఏడ దొరికింది బిడ్డా?"

"లండన్‌ల ఉంది తాతా."

"గంత దూరం పోయిండా ఈయన." కాసేపు చూసి, గుస్సాడీ పక్కన డోలు పట్టుకున్నాయన మీద వేలు పెట్టాడు. "ఈ నిలబడుడు చూడు. ఒక కాలు మీదనే బరువు. మా పెదనాయన గట్లనే నిలబడేటోడు." అదే మనిషా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "నేను అప్పటికి పుట్టలే. మా అక్క ఉంటే చెప్పేది. పోయిన ఎండాకాలం పోయింది."

నేను కాప్షన్‌లో ఆ పేరు రాయలేదు. తాత ఖాయంగా చెప్పలేదు కాబట్టి రాయలేను. కానీ ఆ అక్క దగ్గరికి ఒక ఏడాది ముందు ఎవరైనా పోయి ఉంటే, ఒక మనిషికి పేరు దొరికేదేమో.

కనకరాజు గారిని తలుచుకోకుండా ఈ వీడియో ఆపలేను. మార్లవాయి ఆయన. 1981లో ఢిల్లీ రిపబ్లిక్ డేకి గుస్సాడీని తీసుకుపోయారు, ఎంతోమంది కుర్రాళ్ళకు నేర్పారు, 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో, సరిగ్గా దండారీ రోజుల్లోనే చనిపోయారు. ఆ లెక్కన ఎంతమంది గుస్సాడీలకు పేరుంది మన దగ్గర? గూగుల్‌లో వెతికితే తిప్పి తిప్పి ఆయన ఒక్కరే వస్తారు.

స్టేజీ మీద ఆడటం తప్పా అని చాలామంది అడుగుతుంటారు. నా అభిప్రాయం చెప్తా, ఒప్పుకోకపోయినా పర్లేదు. గురువు తన శిష్యుల్ని తీసుకుని తన ఇష్టంతో ఢిల్లీ పోయి ఆడటం వేరు. హైదరాబాద్‌లో ఒక పెళ్ళి రిసెప్షన్‌కి పోతే, గేటు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళకి ప్లాస్టిక్ ఈకల టోపీలు పెట్టి, మొహానికి నల్లరంగు పూసి నిలబెట్టారు. వచ్చినవాళ్ళు భుజం మీద చెయ్యేసి సెల్ఫీలు దిగుతున్నారు. వాళ్ళు గోండులు కాదు, రోజు కూలీకి వచ్చినవాళ్ళు, మధ్యాహ్నం నుంచి నిలబడే ఉన్నామన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ అక్కడ గుస్సాడీ నిజంగానే మిక్కీ ఐపోయాడు. దండారీకి పోయినప్పుడు మీరు కూడా భుజం మీద చెయ్యి వేయకండి. దీక్షలో ఉన్న మనిషి. ఫోటో కావాలంటే దండుతో వచ్చిన పెద్దమనిషిని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. తీసుకున్నాక పేరు, ఊరు అడిగి రాసుకోండి.

మీలో ఎవరిదైనా జైనూరో, సిర్పూరో, ఉట్నూరో, ఇంద్రవెల్లో, నార్నూరో ఐతే ఒక పని చేయగలరు. ఆ ఆర్కైవ్‌లో మీ ఊరి పేరుతో వెతకండి. దొరికితే స్క్రీన్‌షాట్ తీయకండి, పెద్ద సైజు ఫోటో దించుకోండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నలిగిపోతుంది. ముసలివాళ్ళకి ఫోన్ చూపించకండి, రెండు వేళ్ళతో జూమ్ చేయడం వాళ్ళకి చిరాకు. స్టూడియోలో పన్నెండు బై ఎనిమిది ప్రింట్ తీయించండి, వెనకాల పెన్సిల్‌తో నంబరు వేయండి. మాట్లాడేటప్పుడు ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి, ముందే అడిగి. "ఇది ఎవరు?" అని ఒకటే ప్రశ్న వేయకండి. డోలు ఎవరిది, ఆ ఇల్లు ఎవరిది, ఆ కడియం ఎవరింట్లో చూశావు అని అడగండి. పేరు చెప్తే ఎవరు చెప్పారో, ఎంత ఖాయంగా చెప్పారో కూడా రాయండి.

దీపావళికి ముందే పెట్టుకోండి ఈ పని, దండారీ మొదలైతే ఇంట్లో ఎవరూ దొరకరు. వచ్చే వారం ఉషేగావ్ పోతున్నాం, డోక్రా ఇత్తడి బొమ్మలు ఎట్లా పోస్తారో చూద్దాం. ఉంటా మరి.