గీతకు దొరికే లక్ష్మణకుమారుడు

పెదవేగి : శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి నేల ఇది. అయితే వ్యంగ్యచిత్రం గీయాలని ముచ్చటపడే పిల్లలకు ఆ రాజులకన్నా, 1957లో వచ్చిన ‘మాయాబజార్’ రాజకుమారుడే ఎక్కువ పనికొస్తాడు. కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో లక్ష్మణకుమారుడి వేషం కట్టినవారు రేలంగి వెంకట్రామయ్య. తాడేపల్లిగూడెంలో స్థిరపడిన ఆయన 1970లో పద్మశ్రీ అందుకున్నారు, 1975లో కన్నుమూశారు. ‘బుడుగు’కు బొమ్మ కట్టిన బాపు కూడా ఈ ప్రాంతం వారే. 1933లో నరసాపురంలో పుట్టారు.

పలకా బలపం ఉంటే చాలు. ఎగరేసిన కనుబొమ్మ, విరిచిన ఛాతీ, తలకు మించిన కిరీటం గీస్తే రాజకుమారుడి డాబు తెలిసిపోతుంది. పెళ్లిపీటల మీద మాయా శశిరేఖ కాలు తొక్కినప్పటి బొమ్మకు కళ్లు గుండ్రంగా తిప్పి, నోరు తెరిపిస్తే అదే ముఖం బెదురు ముఖమవుతుంది.

సినిమా మనిషిని గీస్తే చిక్కులేదు. ఊళ్లోవారిని గీసేటప్పుడే జాగ్రత్త కావాలి. ఒకరి మెల్లకన్నో, కుంటికాలో గీస్తే ఆ మనిషి రచ్చబండ దగ్గరకు రావడానికే జంకుతాడు. రేలంగి పాత్రలో నవ్వు పుట్టించేది కోతలరాయుడి గొప్పలే. గీతకూ అదే చాలు. గీసిన బొమ్మను ముందు ఆ మనిషికే చూపాలి. అతడు కూడా నవ్వితే గోడకు అంటించవచ్చు.