సర్పి – ఎసైక్లోవిర్

ఆటలమ్మను కలిగించే వైరస్, రోగం తగ్గినా దేహాన్ని విడిచిపోదు. నాడీమూలాలలో ఏళ్ల తరబడి దాగి ఉండి, వ్యాధినిరోధకశక్తి సన్నగిల్లినపుడు ఒకవైపున మంటతో కూడిన పొక్కులుగా బయటపడుతుంది. హెర్పిస్ కుటుంబపు వైరస్ వల్ల వచ్చే ఈ జబ్బునే జనులు సర్పి అంటారు.

దీనికి వాడే ఎసైక్లోవిర్ రూపకల్పనలో పాలుపంచుకొన్న గెర్‌ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ బహుమతి గ్రహీతలలో ఒకరు. వైరస్ తయారుచేసుకొన్న ఎంజైమే ఈ మందును చైతన్యపరచడం విశేషం. శత్రువు చేతనే తాళం తీయించడమన్నమాట! అందువల్ల వైరస్ సోకని కణాలకు హాని స్వల్పం.

పొక్కులు కనిపించిన 72 గంటలలోపు మొదలుపెడితే ఫలితం అధికం. పసరు పూతలతో ఆ గడువును జారవిడుచుకోరాదు. పెద్దలకు సాధారణంగా 800 మిల్లీగ్రాముల మోతాదును రోజుకు ఐదుసార్లు, 7 రోజులు సూచిస్తారు. ఇది మూత్రపిండాల ద్వారా వెలువడుతుంది. నీరు చాలకపోతే అక్కడ స్ఫటికాలుగా పేరుకోవచ్చు. మూత్రపిండాల వ్యాధిగ్రస్తులు ఆ సంగతిని ముందే చెబితే వైద్యుడు మోతాదు తగ్గిస్తాడు.