సేవా సంఘము ఒక్కరి భుజముపై నిలువదు



సేవా సంఘము పుట్టిన రోజు మీకు జ్ఞాపకముండును. పందిరి వేసి, మామిడాకుల తోరణములు కట్టి, అధ్యక్షునికి పూలదండ వేయుదురు. రెండేండ్లు గడచిన పిమ్మట చూచినచో గదికి తాళము, తాళమునకు తుప్పు. కారణ మడిగినచో "అధ్యక్షులవారు పట్నము వెళ్ళిపోయినారండీ" అందురు. పని యంతయు ఒక్కరే మోసినారు. ఆయనతో పాటు పనియు ఊరు విడిచినది.

పోనీ, అందరమును చేయుదమని అనుకొన్నచో? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరక చెప్పలేదు. అందరిదీ అనుకొన్న పని ఎవరిదీ కాకుండ పోవును. ఈ రెండు చిక్కులకును విరుగుడు చిన్న చిన్న కమిటీలే.

రోటరీ వారి అనుభవము

1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరములో పాల్ హారిస్ అను న్యాయవాది ముగ్గురు మిత్రులతో కలిసి ఒక క్లబ్బును ఆరంభించెను. ఒక్కొక్క సభ్యుని కార్యాలయములో వంతుల వారీగా సమావేశ మగుచుండిరి గనుక దానికి రోటరీ అని పేరు వచ్చినది. మన దేశములో ఇది 1919లో కలకత్తాలో మొదలైనది.

ఈ క్లబ్బులో సభ్యులకు జీతము లేదు. పైగా వారే చందా చెల్లింతురు. అయినను నూరేండ్లు దాటి నడచుచున్నది. ఎట్లు? పనిని పంచుకొనుటవలన. పరిపాలన, సభ్యత్వము, ప్రచారము, సేవా కార్యక్రమములు, విరాళముల నిధి అను వాటికి వేరు వేరు కమిటీలు ఉండును. ఏటేటా జూలై 1న అధ్యక్షుడు మారును. రాబోవు అధ్యక్షుని ముందుగానే ఎన్నుకొందురు గనుక, పగ్గములు చేతికి వచ్చుసరికి అతడు పని నేర్చుకొని యుండును.

దీని ఫలము మన ఇండ్లలోనే కలదు. 1985లో రోటరీ వారు పోలియో నిర్మూలనకు పూనుకొనిరి. మన దేశములో 1995లో పల్స్ పోలియో కార్యక్రమము ఆరంభమైనది. ప్రభుత్వ వైద్య సిబ్బందికి తోడుగా ఎందరో స్వచ్ఛంద సేవకులు పనిచేసిరి. పసిబిడ్డ నెత్తుకొని ఆదివారము నాడు చుక్కల మందు వేయించిన తల్లులు మీలో ఎందరో యుందురు. ఒకరు చాటింపు వేయించిరి, ఒకరు కేంద్రమున కూర్చుండిరి, ఒకరు రాని బిడ్డలకై ఇల్లిల్లు తిరిగిరి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులో కనబడినదే దేశములో చివరి కేసు. 2014 మార్చి 27న మన దేశము పోలియో రహితమని ధ్రువీకరింపబడినది.

మీ సంఘములో ఏమి చేయవలెను?

మన పొదుపు సంఘముల మహిళలకు ఇది కొత్త కాదు. బ్యాంకు అప్పుల వ్యవహారములకు, ఆరోగ్యమునకు, సాంఘిక సమస్యలకు గ్రామ సంఘములలో వారు ఉప కమిటీలు వేసుకొన్నారు. మీరును ఇట్లు ప్రయత్నింపుడు:

ఒకటి: కమిటీకి ముగ్గురు నలుగురు చాలును. ఒక కమిటీకి ఒకే పని అప్పగింపుడు. "గ్రామాభివృద్ధి" అన్నది పని కాదు. "బడి ఆవరణలో మొక్కలు నాటి, రెండు వేసవులు నీరు పోయుట" అన్నది పని.

రెండు: పనిని వ్యవసాయపు రోజులు చూచి నిర్ణయింపుడు. నాట్లప్పుడు, కోతలప్పుడు సమావేశము పెట్టినచో వచ్చువారుండరు. కాలువ పూడిక తీయుట వంటి పెద్ద పనులను వేసవికి ఉంచుడు.

మూడు: డబ్బు ఒకరి చేత, లెక్క మరొకరి చేత ఉండవలెను. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకములు పెట్టుడు. ప్రతి సమావేశమున జమాఖర్చులు పైకి చదువుడు. అనుమానము పుట్టిన పిమ్మట లెక్క చూపుటకన్న, పుట్టక ముందే చూపుట మేలు.

నాలుగు: ఏ పని, ఎవరు, ఏ తేదీలోపల అను మూడును మినిట్సు పుస్తకములో వ్రాయుడు. మరుసటి సమావేశమును ఆ పుట చదివి ప్రారంభింపుడు.

ఐదు: ప్రతి బాధ్యునికి తోడుగా ఒక యువకునిగాని యువతినిగాని చేర్చుడు. ఏడాది తోడుండి నేర్చుకొన్నవారు మరుసటి ఏడు ఆ పనిని తామే నడుపుదురు.

ఒక జాగ్రత్త

జీతము లేని పనివానిని గద్దించి పని చేయించలేము. ఒప్పుకొన్న పని ఎవరైన చేయనిచో నలుగురిలో నిలదీయకుడు. వారి ఇంటికి వెళ్ళి కష్టమేమో అడుగుడు. ఇంటిలో జబ్బు ఉండవచ్చును, పంట దెబ్బ తినియుండవచ్చును. పని తగ్గింపుడు లేదా మార్పుడు. మనిషిని మాత్రము పోగొట్టుకొనకుడు. చేసినవారి పేరు సభలో చెప్పుట మరువకుడు. దానికి ఖర్చు లేదు.

రాబోవు సమావేశమున అధ్యక్షుడు మొదలు అందరును తమను తాము ఒక్క ప్రశ్న వేసికొనుడు: "రేపు నేను లేనిచో ఏ పని ఆగిపోవును?" ఆగిపోవునని తోచిన ప్రతి పనికి ఆనాడే ఒక కమిటీని ఏర్పరచుడు. మీ గదికి తాళము పడదు.