హ్యామక్ కట్టే ముందు ఆ చెట్టు ఎవరిదో తెలుసుకోండి

హ్యామక్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది. మడతపెడితే బ్యాగులో ఓ మూలన సరిపోతుంది. రెండు చెట్లు కనిపిస్తే చాలు, పడక సిద్ధం. కూలికి వెళ్లిన తల్లి పొలం గట్టున చెట్టుకు చీర ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టడం మనం చూస్తూ పెరిగిందే కాబట్టి, ఇందులో అనుమతుల గోల ఏముంటుందిలే అనిపిస్తుంది. పగటిపూట తెలిసినవాళ్ల మామిడితోటలో కాసేపు ఊగడానికైతే నిజంగానే ఏమీ ఉండదు. రాత్రి అడవిలో పడుకోవాలనుకుంటేనే చిక్కు.

స్వీడన్, నార్వేల్లో తీసిన వీడియోలు చూసి చాలామంది పొరపడుతుంటారు. అక్కడ సాగులో లేని భూమిలో, ఇళ్లకు దూరంగా ఒకటి రెండు రాత్రులు గడిపే వెసులుబాటు అందరికీ ఉంది. మన దేశంలో అలాంటి హక్కు లేదు. ఊరికి ఎంత దూరంలో ఉన్నా ప్రతి చెట్టూ ఎవరో ఒకరి అధీనంలోనే ఉంటుంది.

అడవిలో ఎక్కడ కుదరదు?

నేషనల్ పార్కులు, అభయారణ్యాల్లో నిబంధనలు అన్నిటికన్నా కఠినం. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972లోని సెక్షన్ 27 ప్రకారం, అనుమతి లేని బయటివారు అభయారణ్యంలో అడుగు పెట్టడమే నేరం. నేషనల్ పార్కులకూ ఇదే వర్తిస్తుంది. 2022 సవరణ తర్వాత ఇలాంటి ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నల్లమలలోని అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలు, పాపికొండలు, తలకోన ఉన్న శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు, అన్నీ ఈ కోవలోనివే. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న కేబీఆర్ పార్కు కూడా నేషనల్ పార్కే. మార్నింగ్ వాక్‌కు రానిస్తున్నారు కదా అని రాత్రి ఉండనివ్వరు.

రిజర్వ్ ఫారెస్టు దీనికి వేరు. బోర్డు మీద పులి బొమ్మ ఉండదు, గేటు ఉండకపోవచ్చు, పశువులు తిరుగుతుండవచ్చు. అందుకే ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వ్ ఫారెస్టులోకి అక్రమంగా చొరబడటం, నిప్పు పెట్టడం నేరాలు. రోడ్డు పక్కన బండి ఆపి ఇరవై అడుగులు లోపలికి నడిచినా మీరు అడవిలో ఉన్నట్టే.

మరి ఎక్కడ కుదురుతుంది?

అటవీశాఖ తానే నడిపే క్యాంపులు ఉన్నాయి. టూరిజం కోసం అనుమతి ఇచ్చే వీలు 1972 చట్టంలోనే ఉంది. మారేడుమిల్లి ప్రాంతంలో స్థానిక గిరిజనుల భాగస్వామ్యంతో ఎకో టూరిజం నడుస్తోంది. నల్లమలలో ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల-గిద్దలూరు దారిలో పచ్చర్ల, దోర్నాల వైపు తుమ్మలబైలులో జంగిల్ క్యాంపులు ఉన్నాయి. తెలంగాణలో అమ్రాబాద్ అటవీ అధికారులు మన్ననూరులో బసతో కలిపి సఫారీ ప్యాకేజీ ఇస్తున్నారు. వీటిని ముందే బుక్ చేసుకోవాలి.

అయితే బుకింగ్ ఉంది కదా అని హ్యామక్ కట్టేయకండి. మీరు డబ్బు కట్టింది కాటేజీకో టెంటుకో. క్యాంపు మేనేజరుకు ఫోన్ చేసి, "ఆవరణలో చెట్టుకు హ్యామక్ కట్టుకోవచ్చా? రాత్రంతా అందులోనే పడుకోవచ్చా?" అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. పగలు సరేగానీ రాత్రి లోపలే పడుకోవాలని చెప్పే అవకాశమే ఎక్కువ. ఎలుగుబంట్లు తిరిగే చోట అది సబబే కూడా.

క్యాంపుల తర్వాత మిగిలేది పట్టా భూమి. నా దృష్టిలో హ్యామక్ కోసమే వెళ్లేవాళ్లకు ఇదే అన్నిటికన్నా తేలికైన దారి. తోట యజమాని ఒప్పుకుంటే చాలావరకు పని అయిపోయినట్టే. అనంతగిరి, లంబసింగి, అరకు చుట్టుపక్కల ప్రైవేటు క్యాంపులు చాలానే వెలిశాయి. వీటిలో బుక్ చేసే ముందు భూమి పట్టాదా కాదా అడగండి. సర్వే నంబరు చెబితే తెలంగాణలో భూ భారతి, ఏపీలో మీభూమి పోర్టల్‌లో మీరే చూసుకోవచ్చు. "పక్కనే ఫారెస్టు, రాత్రికి లోపలికి తీసుకెళ్తాం" అన్నారంటే అక్కడ బుక్ చేయకపోవడమే మంచిది. పట్టుబడితే వాళ్లిచ్చిన రసీదు మిమ్మల్ని కాపాడదు.

చెరువు గట్లు, గుట్టల దగ్గర మాత్రం మ్యాపు చూసి నిర్ణయించుకోకండి. ఫోన్‌లో ఆకుపచ్చ రంగు కనిపిస్తే అక్కడ పచ్చదనం ఉందనే అర్థం, అనుమతి ఉందని కాదు. భూమి ఎవరిదో పంచాయతీ కార్యదర్శిని అడిగితే తెలుస్తుంది. అటవీ హద్దు దగ్గర్లో ఉంటే బీట్ ఆఫీసరు లేదా రేంజ్ ఆఫీసరును అడగండి. అనుమతి నోటిమాటగా కాకుండా కనీసం మెసేజ్ రూపంలో ఉంచుకోండి.

ఇంత పట్టింపు ఎందుకు?

2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చెలరేగి, ట్రెక్కింగ్‌కు వెళ్లినవారిలో 20 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే ఆ రాష్ట్రం ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఎవరికీ చెప్పకుండా అడవిలో పడుకున్నవారు మంటల్లో చిక్కుకుంటే, వాళ్లు అక్కడున్నారని వెతికేవారికి తెలిసే దారి ఉండదు. మన అడవుల్లోనూ ఫిబ్రవరి నుంచి వర్షాలు మొదలయ్యేదాకా ఎండుటాకులు నిప్పురవ్వ కోసం కాచుకున్నట్టే ఉంటాయి. అనుమతి ఉన్న చోటైనా ఆ నెలల్లో పొయ్యి వెలిగించకండి.

అనుమతి దొరికాక చెట్టు సంగతి. సన్నని నైలాన్ తాడు బెరడును కోసేస్తుంది, రెండంగుళాల వెడల్పు పట్టీలు వాడండి. మేకులు కొట్టకూడదు. ఎండిన చెట్టుకు, ఎండు కొమ్మ కింద కట్టవద్దు. నేల నుంచి అడుగున్నర ఎత్తు చాలు.

ప్రయాణం సమయమూ చూసుకోండి. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు వరకు, పులుల అభయారణ్యాల్లో పర్యాటకానికి విరామం ఉంటుంది. హైదరాబాద్-శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. శుక్రవారం ఆఫీసు ముగించుకుని ఆలస్యంగా బయల్దేరితే, తెల్లారేదాకా గేటు బయట కారులోనే కూర్చోవాల్సి వస్తుంది.