తాకట్టు గుట్టు విప్పిన తరిమెల

యాడికి చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో తాకట్టు అంటే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. వాన మొహం చాటేసిన ఏడు ముందు మెడలో బంగారం వెళ్తుంది, తర్వాత పొలం కాగితాలు. ఆ మాటను దేశం మొత్తానికీ వర్తింపజేసిన మనిషిదీ ఈ అనంతపురం సీమే. ఆయనే... తరిమెల నాగిరెడ్డి.

1917లో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన నాగిరెడ్డి, 1952 ఎన్నికల్లో స్వయానా బావ నీలం సంజీవరెడ్డినే ఓడించారు. 1969లో శాసనసభ్యత్వం వదులుకుని విప్లవ బాట పట్టారు. అదే ఏడాది అరెస్టయ్యారు. హైదరాబాద్ కుట్ర కేసులో కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలమే తర్వాత 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది.

సాయం పేరుతో అమెరికా మన నిర్ణయాలనే గుప్పిట్లో పెట్టుకుంటోందన్నది ఆయన వాదన. పీఎల్-480 గోధుమల కథ చూస్తే అది తేలిగ్గా అర్థమవుతుంది. 1956 ఒప్పందం ప్రకారం వాటి ధర రూపాయల్లోనే కట్టొచ్చు. చవక బేరమే అనిపించింది. 1965-66 కరవులో అసలు రంగు బయటపడింది. వియత్నాం యుద్ధాన్ని భారత్ తప్పుపట్టడం అధ్యక్షుడు జాన్సన్‌కు నచ్చలేదు. గోధుమ ఓడల్ని ఆచితూచి, కొద్దికొద్దిగా వదిలారు.

ఆ గోధుమలు ఎన్నో కడుపులు నింపిన మాటా నిజమే. నాగిరెడ్డి అభ్యంతరం గింజల మీద కాదు, వాటి వెనకున్న షరతుల మీద. రష్యా సాయాన్నీ ఆయన విడిచిపెట్టలేదు. 1976 జులై 28న ఎమర్జెన్సీ రోజుల్లోనే కన్నుమూశారు.

అప్పిచ్చినవాడి ముందు గొంతు లేవదని కరవు సీమ రైతుకు తెలుసు. దేశానికీ అంతేనని కోర్టులో చెప్పిందీ ఆ సీమ బిడ్డే!